నాచారం బడి, ఉప్పల్ బడి

నాకు అక్షరం ముక్క రాదు. గని రెండు సర్కారు బడులల్ల ఏది మంచిదని అడిగితే జెప్త. జెప్పేటప్పుడు నోట్ల బూతులొస్తే మీరే సర్దుకోవాలె.

మా ఆయన సచ్చిపోయినంక నాచారంల దవాయిల కంపెనీల సీసాలు కడిగే పని దొరికింది. బిడ్డను ఆ కంపెనీ ఎనకున్న చిన్న బడిలనే ఏసిన. ఆడి సారు మా దిక్కోడే. పోంగనే "రా అక్కా, కూసో" అని తన కుర్సీ ఇచ్చెటోడు. కంపెనీల నన్ను ఎవ్వడు కూసోమనలే. గా ఒక్క మాటకే పడిపోయిన. పిల్లలు బయట మట్టిల ఆడుతుంటే ఆయన చెవికి ఫోను పెట్టుకొని నారపల్లిల ప్లాట్లు అమ్ముతుండె. సూసిన. సూసి గూడ, పిల్లలన్నంక ఆడరా అనుకున్న.

రోజు పొద్దుమీకి బిడ్డ పుస్తకం తీసి, అక్షరాల మీద ఏలు జరుపుకుంట కాకి పాఠం గడగడ సదివేది. నేను రొట్టెలు జేసుకుంట ఇనేదాన్ని. తినకముందే కడుపు నిండేది. మూడో తరగతికొచ్చినా గదే పాఠం, గదే సంబురం.

పక్క అర్రల కిరాయికుండే కోస్తా ఆమె ఒకనాడు ఇన్నది. పుస్తకం తీస్కొని ఇంకో పేజీ తీసి "ఇది చదువమ్మా" అన్నది. బిడ్డ ఏలు పెట్టింది. మళ్ళ కాకి పాఠమే జెప్పింది. ఆ పేజీల ఉన్నది రైలు బొమ్మ.

"దీనికి ఒక్క అక్షరం రాదండీ. విని బట్టీ పట్టింది."

కొట్టనీకి చెయ్యి లేపిన. "నువ్వే మస్తు సదువుతున్నవంటివి గదనే" అన్నది బిడ్డ. లేపిన చెయ్యి ఏడ పెట్టుకోవాల్నో తెల్వలే.

తెల్లారి పనికి నాగ పెట్టి ఉప్పల్ బడికి పోయిన. ఆడ తరగతికొక టీచరు. పిల్లలు సదివేది గేటు దాకా ఇనిపిస్తున్నది. మేడం ఆంధ్రా ఆమె. కుర్సీ ముచ్చట దేవుడెరుగు, గడప గూడ దాటనియ్యలే.

"మా పోరిని తీస్కోర్రి మేడం, దీనికి సదువస్తలేదు" అన్న.

"పోరి ఏమిటమ్మా? ముందు నువ్వు మాట్లాడటం నేర్చుకో" అని నవ్వింది. పిల్లలంత నవ్విన్రు. నా బిడ్డ నవ్వలే. నా కొంగు ఇడిసిపెట్టి జర దూరం జరిగింది.

అయినా ఆడనే ఏసిన. ఒకటో తరగతిల, బుడ్డ పిల్లల నడుమ, అంత పొడుగు పిల్ల సిగ్గుతోని ముడుసుకొని కూసునేది. ఏడాది తిరగకముందే బస్సు బోర్డులు సదివింది. ఆ మేడం సదువు జెప్పింది, అబద్ధమెందుకు. గని ఇంట్ల పైకి సదువుడు బిడ్డ బంజేసింది. "జర ఇనిపియ్యే" అంటే, "నేను నిజంగ సదువుతున్ననో లేదో నీకేం తెలుస్తదే" అంటది.

తెలంగాణ వచ్చిందన్న నాడు మా గల్లీల పటాకులు. తెలంగాణ కోసం నేను గూడ రోడ్డు మీద ధర్నాకు కూసున్నదాన్నే. నాచారం సారు మొకమంత రంగు పూసుకొని ముంగట ఎగురుతుండు. నన్ను సూసి పిడికిలి నిండ గులాల్ తెచ్చిండు.

"మన రాష్ట్రమొచ్చిందక్కా! ఇగ మన పిల్లలకు మన సార్లే!"

చెయ్యి అడ్డం పెట్టిన. "సారూ, ఇప్పుడన్న పాఠం జెప్తవా?"

"ఇయ్యాల సెలవు గదక్కా" అని నవ్వి, పక్కనున్నోళ్ళకు పూసుకుంట పోయిండు.