గాట్లు లేని రెగ్యులేటర్

పారేయడమంటే లెమన్‌కి ప్రాణసంకటం. సముద్రపు ఒడ్డున ఉన్న కౌకిరా ఊళ్ళో ఈ మాట పొగడ్తగానే అనేవారు. కుట్టుమిషన్లు, కిరోసిన్ పొయ్యిలు, చర్చిలో గొంతు పోయిన హార్మోనియం, అన్నీ ఆయన రేకుల షెడ్డులోకి చచ్చి వెళ్ళి బతికి బయటికొచ్చినవే. “కొత్తది కొనడం పని రానివాడి పని” అనేవాడు, ఊళ్ళో కుర్రాళ్ళంతా ‘దామా’, అంటే తాతా, అని పిలిచే ఆ ముసలాయన. ఆ మాటలో నిజం ఎంతుందో అహం కూడా అంతే ఉంది. ఆ అహమే చివరికి ఆయన ఇంటి మీదికి వచ్చింది.

పదిహేడేళ్ళ కిందట ఆయన కూడా లాబ్‌స్టర్ల కోసం సముద్రంలో మునిగినవాడే. ఒకరోజు అడుగున ఉండగా గాలి ఆగిపోయి ఒక్క ఊపున పైకొచ్చాడు. లోతు నుంచి ఆగి ఆగి రాకపోతే ఒళ్ళు చచ్చుబడుతుంది. అంతే, ఎడమకాలు మళ్ళీ ఆయన మాట వినలేదు. నీళ్ళలో ఉండే లివా తల్లికి కోపం వచ్చిందని ఊరంతా అంది. లెమన్ అందరితోపాటు తల ఊపాడు గానీ, ఇంటికొచ్చాక తన నోట్లో ఉన్న రెగ్యులేటర్‌ను విప్పి చూశాడు. లోపల ఏం అరిగిందో కనిపించింది. సిలిండర్లో గాలి బలాన్ని తగ్గించి మనిషి నోటికి అందించే ఆ ఇత్తడి ముద్దల్ని బాగుచేయడమే ఆనాటి నుంచి ఆయన బతుకైంది.

బాగుచేసిన ప్రతిసారీ ఇత్తడి మీద ఆకురాయితో ఒక గాటు పెట్టేవాడు. నాలుగు గాట్లు పడ్డది ఇక వలకు బరువుగా కట్టుకోవడానికే. ఆ నియమం ఆయనదే. పడవెక్కాక రెగ్యులేటర్లన్నీ కుప్పగా పోసేవారు. తక్కువ గాట్లు ఉన్నదాని కోసం డైవర్లు చేప తలకాయ కోసం తగువాడినట్టు తగువాడేవారు.

ఆ ఏడు వేట తెరవడానికి నాలుగు రోజుల ముందు, పడవకి మనుషుల్ని పోగేసే ఓస్మార్ ఒక గోనెసంచి తెచ్చి షెడ్డులో బోర్లించాడు. ఇరవై రెండు రెగ్యులేటర్లు. అందులో ఒకటి గాట్లు లేకుండా తళతళలాడుతోంది. ఎన్నాళ్ళకు కొత్తది కొన్నార్రా అని లెమన్ మురిసిపోయాడు. విప్పితే లోపలంతా పచ్చగా చిలుము. సైకిల్ పుల్లతో చేసిన చిన్న మర ఒకటి దొరికింది. అది తను చేసిందే. కిందటేడు రొసెండో నోట్లో ఉన్న రెగ్యులేటర్ ఇది. రొసెండో కాళ్ళు పడిపోయి, అప్పటి నుంచీ ఉయ్యాల మంచం దిగలేదు.

“ఒరే ఓస్మార్, దీని గాట్లు ఏ ఎలుక కొరికిందిరా?”

“నల్లగా ఉందని రుద్దించాను దామా. దానికే అంత కోపమా?”

“నలుపుతోపాటు రొసెండో కాళ్ళు కూడా రుద్దేశావు. ఇదిగో, గాలిని మూసే బిళ్ళ ఆనే చోట ఇత్తడి అంచు విరిగింది. దీనికి మందు లేదు. కొత్తది కొను.”

“కొత్తవి రాజధాని నుంచి రావాలి. పడవ సోమవారం పోతుంది. నువ్వు కాదంటే మా ఇంజన్ చూసేవాడున్నాడు, ఇరవై రెండిటికీ జిగురు పూసి ఇస్తాడు.” ఓస్మార్ నవ్వాడు. “అయినా నీ చేతికి లొంగనిది కూడా ఉంటుందా? ముసలాడివైపోయావులే దామా, నాకే తెలీలేదు.”

బెదిరింపుకు లొంగని మనిషి ఆ ఎత్తిపొడుపుకు లొంగిపోయాడు. విరిగిన అంచును సాపు చేశాడు. అరిగిన ప్లాస్టిక్ బిళ్ళను తిరగేసి బిగించాడు. సిలిండర్‌కి తగిలించి, ఒక గిన్నెడు వాబుల్, అదే అరటికాయ జావ, తాగేంతసేపు గాలి బలం చూపే ముల్లు వంక చూశాడు. ముల్లు కదల్లేదు. కానీ ఆయనకు తెలుసు, ఇది మహా అయితే వారం. రోజుకు పన్నెండు సిలిండర్ల లెక్కన ఆ అంచు బిళ్ళను మళ్ళీ కోసేస్తుంది. అప్పుడు గాలి ఆగకుండా బుసబుసా పోతుంది. రెండు నిమిషాల్లో సిలిండర్ ఖాళీ.

గాటు పెట్టడానికి ఆకురాయి ఎత్తాడు.

“గాటొద్దు దామా. రొసెండోది ఇదేనని తెలిస్తే ఎవడూ ముట్టుకోడు. పడవ కదలదు” అన్నాడు ఓస్మార్.

లెమన్ ఆకురాయి కింద పెట్టేశాడు. ఆయన చేసిన తప్పు అంతా ఆ పెట్టడంలోనే ఉంది.

ఆదివారం చర్చి నుంచి రాగానే అల్లుడు సెల్సోను ఇంటి వెనక్కి పిలిచాడు. సెల్సోకి నాలుగు నెలల కూతురుంది.

“కుప్పలో గాట్లు లేనిదొకటి ఉంటుంది. దాని జోలికి పోకు.”

“అది కొత్తదటగా మామా? అందరూ దాని మీదే కన్నేశారు.”

“కొత్తది కాదు. రొసెండోది. వారం కన్నా ఆగదు.”

సెల్సో కాఫీ గిన్నె నోటి దగ్గర్నుంచి దించాడు. “మరి మిగతావాళ్ళకి?”

“నా కూతురికి మొగుడివి నువ్వొక్కడివే. మిగతావాళ్ళకి మావగార్లు లేరా?” అని లెమన్ విసుక్కున్నాడు. సెల్సో మిగిలిన కాఫీ ఇసకలో పారబోసి వెళ్ళిపోయాడు.

పడవ పన్నెండు రోజుల వేటకి పోయింది. లెమన్ రోజులు లెక్కపెట్టుకున్నాడు. ఆరో రోజు ఇస్త్రీపెట్టె మర ఒకటి చేతిలోంచి జారి దొరకలేదు. ఏడో రోజు అసలు షెడ్డు తెరవలేదు. “ఒంట్లో బాగాలేదా?” అని పెళ్ళాం నిడియా అడిగితే కసిరాడు.

తొమ్మిదో రోజు పొద్దున పడవ మడుగు ముఖద్వారంలో కనిపించింది. ముందుగా వచ్చే పడవ ఊరికే రాదు. ఆడవాళ్ళు ఉతుకుతున్న బట్టలు వదిలేసి రేవుకి నడిచారు. లెమన్ కర్ర పట్టుకుని వెనకాల కుంటుకుంటూ వెళ్ళాడు. ఎవరో ఒకరికి అయిపోయింది, సెల్సోకి మాత్రం కాదు అనుకున్నాడు. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా లోలోపల నిబ్బరంగానే ఉన్నాడు.

పడవలోంచి డైవర్ వాల్టన్ అందరికంటే ముందు దూకాడు. ఆరుగురు పిల్లల తండ్రి, వాగుడుకాయ. ఇవాళ కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

“దామా, నీ అల్లుడికి ఆ కొత్తదాని మీద మోజేంటో గానీ! కుప్పలో ముందు నాకే దొరికింది. ‘నీ పుచ్చుపళ్ళకి కొత్తదెందుకోయ్, ఇటిచ్చేయ్’ అని వెంటపడ్డాడు. ఎంత పేరాశరా నీకని అందరం నవ్వాం. చివరికి రెండు గాట్లున్న తనది నా చేతిలో కుక్కి అది లాక్కున్నాడు. ఆ మెరుపు లివా కంట పడింది దామా. లేకపోతే అంత మంచిది అలా బుసకొడుతుందా?”

వెనకాల నలుగురు సెల్సోను ఒక చెక్క మీద మోసుకొస్తున్నారు. నడుము నుంచి కిందికి దుప్పటి కప్పారు. లెమన్ దుప్పటి మీంచే కాలు పట్టుకున్నాడు. పట్టుకున్నట్టే కుర్రాడికి తెలియలేదు.

“ఎందుకురా నాన్నా? నీకు చెప్పానుగా.”

“వాల్టన్‌కి ఆరుగురు మామా” అన్నాడు సెల్సో, పెదాలు మాత్రం కదిలిస్తూ. “ఇది చెడ్డదని చెప్పాలంటే, నువ్వు తెలిసే పంపావని కూడా చెప్పాలి. లోతు తక్కువ చోట వాడదామనుకున్నా. ఏడో రోజు కెప్టెన్ లోతుకి తీసుకెళ్ళాడు.”

నిడియా లివాను తిడుతూ ఇసకలో కూలబడింది. కూతురు ఆర్డినా మాత్రం తండ్రినే చూస్తోంది.

మర్నాడు ఓస్మార్ మళ్ళీ సంచి తెచ్చాడు. ఆ రెగ్యులేటర్ అన్నిటికంటే పైన ఉంది. “పడవ గురువారం పోతుంది దామా” అన్నాడు నెమ్మదిగా.

లెమన్ దాన్ని ఇనప దిమ్మ మీద పెట్టి సుత్తి ఎత్తాడు. ఇత్తడి తేలిగ్గా లొంగలేదు. ఏడు దెబ్బలకు గాని నలగలేదు. చెమట, కన్నీళ్ళు కలిసి గడ్డం మీదికి కారుతున్నాయి.

ఓస్మార్ ఆపలేదు, కోప్పడలేదు. నలిగిన ముక్కను కాలితో పక్కకి నెట్టాడు.

“ఈ పని ఆ రోజు కూడా చేసి ఉండొచ్చుగా దామా. సుత్తి అప్పుడూ ఇక్కడే ఉంది.”

మిగతా ఇరవై ఒకటీ సంచిలోనే ఉన్నాయి. లెమన్ సుత్తి కింద పెట్టకుండానే వాటిని ఒక్కొక్కటే తీసి, గాట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.