గీతలు కొట్టిన పిల్ల

నా చిన్నప్పుడు మిర్యాలగూడ బడిలో మా తెలుగు టీచరమ్మకు ఒక అలవాటు ఉండేది. కథ ఒకసారి నోటితో చెప్పి, మర్నాడు నలుగురేసి పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టి, ఒక్కో జట్టుతో ఒకే కాగితం మీద దాని సారాంశం రాయించేది. తర్వాత ఆ కాగితాన్ని బోర్లించి పెట్టి, జట్టులో ఎవరో ఒకరిని లేపి కథ చెప్పమనేది. ఆ ఒక్కరు చెప్పినదాన్ని బట్టే నలుగురికీ మార్కులు.

నాకు దస్తూరి బాగుంటుందని మహా మిడిసిపాటు. కాగితం ఎప్పుడూ నేనే రాస్తాను కాబట్టి, ప్రతిసారీ నన్నే లేపుతుందని నమ్మకం. ఆ రోజు మా జట్టులో రైస్ మిల్లులో ఊడ్చే ఆమె కూతురు కూడా ఉంది. ఆ పిల్ల నాట్ల పనికి పోయి, టీచరమ్మ కథ చెప్పిన రోజు బడికి రాలేదు. ఈసారి తెలుగులో మార్కులు రాకపోతే బడి మాన్పించి మిల్లుకు తీసుకుపోతానని వాళ్లమ్మ గట్టిగా చెప్పింది. ఆ సంగతి మా అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

"కథేందో జర చెప్పవే," అని అడిగింది పాపం.

"ఇప్పుడు టైమేడుంది? నువ్వు గీతలు కొట్టు," అన్నాను.

చెప్పడానికి ఎంతసేపు పట్టేది? కాలువలో పడ్డ ఎద్దును ఊరంతా కలిసి పైకి లాగిన చిన్న కథ. అయినా చెప్పలేదు. అంతా నేనే రాసుకున్నాను. మిగతా ఇద్దరూ తలలూపారు. ఆ పిల్ల స్కేలు పెట్టి అంచులకు గీతలు కొట్టింది.

టీచరమ్మ ఆ పిల్లనే లేపింది. ఆ పిల్ల నన్ను చూపించి జరిగింది చెప్తే సరిపోయేది. చెప్పలేదు.

"నాకు కథ రాదు టీచర్. గీతలు కొట్టిన," అంది.

టీచరమ్మ కాగితం తిప్పి చూసింది, అక్షరాలన్నీ నా దస్తూరే. నా వైపు కూడా చూసింది. "గీతలు మంచిగ కొట్టినవ్. మార్కులు నీ ఒక్కదానికే ఏస్త. ఆ ముగ్గురికీ సున్నా," అంది.

అమ్మయ్య, దాని చదువు నిలబడింది అని సంతోషించాలి కదా! నేను మాత్రం నా సున్నాకే ఏడ్చాను. ఛీ, అదేం బుద్ధో నాది.

ఆ పిల్ల కూర్చోలేదు. "జట్టు అన్నరు గద టీచర్. అందరికీ పంచుండ్రి," అంది.

టీచరమ్మ నా దగ్గరికి వచ్చి మెల్లగా, "మరి నువ్వేం పంచుతవే దానికి?" అని అడిగింది.

అప్పుడే అందరి ముందూ లేచి నిలబడి, ఎక్కిళ్ల మధ్యే ఆ పిల్లకు కథంతా చెప్పాను. ఆమె చెవులు రిక్కించి విని, తిరిగి టీచరమ్మకు అప్పజెప్పింది. నలుగురికీ మార్కులు పడ్డాయి. ఆ పిల్ల బడి ఆగలేదు.

ఇన్నేళ్లయినా, నలుగురు కలిసి చేసిన పనికి నన్నొక్కదాన్నే మెచ్చుకుంటే నాకు ముందు సిగ్గే వస్తుంది. ఆ సాయంత్రం ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, ఎద్దు కథ మళ్లీ మళ్లీ చెప్పుకుంటూ సంబరంగా ఇంటిదాకా నడిచింది. దారిలో నన్ను ఒక్క మాట అని ఉంటే, ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.