రిపోర్టు వచ్చేలోగా

2020 మార్చి నాటికి నేను డయాలసిస్ టెక్నీషియన్‌గా చేరి పదకొండేళ్ళయింది. చిత్తూరులో మాది ఎనిమిది మెషిన్ల యూనిట్. పొద్దున ఆరింటికి మొదటి షిఫ్టు మొదలైతే మూడో షిఫ్టు ముగిసి, మెషిన్లు కడిగి, తాళం వేసేసరికి సాయంత్రం ఏడు దాటేది.

మా పని గురించి రెండు మాటలు చెప్పాలి. కిడ్నీలు చెడిపోయినవాళ్ళ రక్తాన్ని గొట్టం గుండా బయటికి తీసి, ఫిల్టర్‌లో శుభ్రం చేసి, మళ్ళీ ఒంట్లోకి పంపిస్తాం. మనిషికి నాలుగు గంటలు, మా దగ్గర వారానికి రెండుసార్లు. ఒకసారి తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, ఆయాసం వస్తుంది. వరసగా తప్పితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. ఈ సంగతి మా పేషెంట్లందరికీ తెలుసు. అందుకే వాళ్ళు పెళ్ళిళ్ళకు పోవడం మానుకుంటారు, సొంతవాళ్ళ చావులకు కూడా పోకుండా ఉంటారు గానీ మా దగ్గరికి రావడం మాత్రం మానరు.

ఖాదర్ బాషా నాలుగేళ్ళుగా మా పేషెంటు. మంగళవారం, శుక్రవారం, రెండో షిఫ్టు. బంగారుపాళ్యంలో మోటార్లు రివైండింగ్ చేసేవాడు. చుట్టుపక్కల మామిడి తోటల్లో బోరు మోటారు కాలిపోతే రైతులు ఆయన దగ్గరికే తెచ్చేవాళ్ళు. యాభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. భార్య నూర్జహాన్ అక్క ప్రతిసారీ వెంట వచ్చేది. ఆయన మెషిన్ మీద ఉన్నంతసేపూ బయట బెంచీ మీద కూర్చుని ఏదో ఒకటి అల్లుతూ ఉండేది.

మెకానిక్ కాబట్టి ఆయనకు మా మెషిన్లంటే మహా ఇష్టం. అలారం మోగితే నేను లేచేలోపలే పడుకున్నచోటి నుంచి చెప్పేవాడు. "అమ్మా సరళా, మూడో దాంట్లో గాలి దూరినట్టుండాది సూడు." నూటికి తొంభై పాళ్ళు అదే నిజమయ్యేది. "నా వొంట్లో మోటారు బ్రమ్మాండంగా ఉండాది తల్లీ, ఫిల్టరే పోయింది" అని కొత్త పేషెంట్లకు తన జబ్బు గురించి చెప్పేవాడు. మొదటిసారి సూది చూసి వణికిపోయేవాళ్ళను ఆయన పక్క మంచం మీద పడుకోబెట్టేదాన్ని. ఆయన మాటల్లో పడితే వాళ్ళకు సూది దిగిందే తెలిసేది కాదు.

లాక్‌డౌన్ పెట్టారు. బస్సులు ఆగిపోయాయి. ఆ వారం శుక్రవారం మా యూనిట్‌కు రావలసినవాళ్ళలో సగం మంది రాలేదు. ఖాదర్ భాయ్ వచ్చాడు, గంట ఆలస్యంగా, పక్కింటాయన స్కూటర్ మీద. చిత్తూరు మొదట్లో పోలీసులు ఆపేశారట. హాస్పిటల్ చీటీ చూపించినా కానిస్టేబుల్ నమ్మలేదట. అప్పుడు చొక్కా చెయ్యి పైకి మడిచి ఫిస్టులా చూపించాడట. ఫిస్టులా అంటే డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు రెండింటిని ఆపరేషన్ చేసి కలిపిన చోటు. అక్కడ చెయ్యి పెడితే లోపల జుమ్మని అదురుతూ ఉంటుంది.

"ఈడ చెయ్యి పెట్టి సూడు సామీ అంటి. ఆయప్ప చెయ్యి పెట్టి కరెంటు కొట్టినట్టు వెనక్కి తీసుకున్నాడు. 'ఏందప్పా ఇది, లోపల ఏందో ఉండాది!' అన్నాడు. 'అది ఆగిపోతే నేనూ ఆగిపోతా, విడిసిపెట్టు' అంటి." మెషిన్ మీద పడుకుని ఆయన ఈ కథ చెబుతుంటే అందరూ నవ్వారు. మా యూనిట్‌లో మళ్ళీ అట్లాంటి నవ్వు నేను చాలాకాలం వినలేదు.

ఏప్రిల్ నెలంతా పేషెంట్లకు హాస్పిటల్ లెటర్‌హెడ్ మీద పాసుల కోసం చీటీలు రాసి రాసి చెయ్యి నొప్పెట్టేది. ఐరాల నుంచి ఒకాయన సైకిల్ మీద వచ్చేవాడు, వచ్చినంత దూరం మళ్ళీ తొక్కుకుంటూ పోవాలి. ఇద్దరు రావడం మానేశారు. ఫోన్ చేస్తే ఒకరింట్లో ఎవరూ ఎత్తలేదు, ఇంకొకరింట్లో ఎత్తి, "ఇంక రాడమ్మా" అని పెట్టేశారు.

నేను ఇల్లు చేరితే పెరట్లోనే స్నానం చేసి, బట్టలు వేడినీళ్ళలో వేసి, అప్పుడు లోపలికి పోవాలి. మా నాయనకు ఆస్తమా. ఆయన గది గడప అవతల నిలబడి మాట్లాడేదాన్ని. "యాలమ్మా అంత దూరం నిలబడతావు" అని మొదట్లో అడిగేవాడు, తరవాత అడగడం మానేశాడు. పక్కింటివాళ్ళు నన్ను చూస్తే తలుపు వేసుకునేవాళ్ళు. పాలు పోసే ఆమె గిన్నె గోడ మీద పెట్టమనేది. ఎవరినీ తప్పు పట్టలేను. నాకే నన్ను చూస్తే భయంగా ఉండేది.

ఏప్రిల్ ఆఖర్లో ఖాదర్ భాయ్ వాళ్ళ వీధిలో ఒకరికి కరోనా వచ్చింది. వీధికి రెండు వైపులా కట్టెలు అడ్డం కట్టి మూసేశారు. ఆ పాటికే మాకు పైనుంచి ఆర్డరు ఉంది. అట్లా మూసేసిన చోటి నుంచి వచ్చే పేషెంటు టెస్ట్ చేయించుకుని, నెగటివ్ రిపోర్టు చూపిస్తేనే మెషిన్ మీద పడుకోబెట్టాలి. కారణం లేకపోలేదు. కిడ్నీ పేషెంట్లకు రోగాన్ని తట్టుకునే శక్తి తక్కువ. ఒకే గదిలో ఎనిమిది మంది నాలుగు గంటలపాటు పక్కపక్కన పడుకుంటారు. ఒకరికి ఉంటే అందరికీ అంటుకుంటుంది.

మంగళవారం ఆయన రాలేకపోయాడు. బుధవారం శాంపిల్ తీసుకున్నారు. శాంపిళ్ళు తిరుపతికి పోవాలి, అక్కడ గుట్టలుగా పడి ఉన్నాయి. గురువారం ఫోన్ చేస్తే నూర్జహాన్ అక్క ఎత్తింది. "కాళ్ళు వాసిపోయినాయి సిస్టరమ్మా. పడుకుంటే ఊపిరి ఆడటం లేదంట, గోడకు ఆనుకుని కూర్చునే ఉండాడు." నీళ్ళు తగ్గించమన్నాను. పండ్లు వద్దన్నాను. పొటాషియం తగ్గించే పొడి పేరు చెప్పాను. వాళ్ళ వీధిలోకి మందులు రానిస్తారో లేదో మాత్రం అడగలేదు.

శుక్రవారం పన్నెండింటప్పుడు వాచ్‌మన్ వచ్చి, "మేడం, బంగారుపాళ్యం భాయ్ గేటు దగ్గర ఉండాడు" అన్నాడు.

కట్టెలు కట్టిన వీధిలోంచి వెనక సందున బయటపడి, తోటల్లోని మట్టిదారుల వెంట అదే స్కూటర్ మీద వచ్చారట. స్కూటర్ నడిపిన ఆయన దూరంగా నిలబడ్డాడు. ఖాదర్ భాయ్ గేటు పక్కన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముఖం ఉబ్బిపోయి కళ్ళు చిన్నవైపోయాయి. మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. నేను గేటుకు ఇవతలే ఆగిపోయాను.

"రిపోర్టు వచ్చిందా భాయ్?"

"రాలేదమ్మా."

"అది లేకుండా లోపలికి రానివ్వడానికి లేదు భాయ్. మీకు తెలుసు కదా."

"తెలుసు తల్లీ. అందర్తో కలిపి వద్దు." ఆయన ఆగి ఊపిరి తీసుకున్నాడు. "మూడో షిఫ్టు అయిపోయినాక, అందరూ పోయినాక నన్ను పెట్టు. ఒక్క రెండు గంటలు సాలు. అయినాక మెషిన్ను బ్లీచింగుతో కడుగు. నన్నే కడగమన్నా కడిగిస్తా."

నేను పక్కకు పోయి మా డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఆయన అప్పటికి వారం నుంచి క్వారంటైన్‌లో, ఒక గదిలో ఒంటరిగా ఉన్నాడు. "సరళా, రిపోర్టు లేకుండా పెట్టి రేపు పాజిటివ్ వస్తే యూనిట్ మూసేస్తారు. మిగతావాళ్ళందరూ ఏమైపోతారు? తిరుపతికి రెఫర్ చెయ్యి" అన్నాడు. ఆయన గొంతులో కూడా భయమే. రెఫరల్ చీటీ రాశాను. అంబులెన్స్ కోసం ఫోన్ చేస్తే బండ్లన్నీ కరోనా కేసులకు పోయాయి, ఎప్పుడు వస్తాయో చెప్పలేమన్నారు. డెబ్బై కిలోమీటర్లు ఆయన స్కూటర్ మీద పోలేడని చూస్తేనే తెలుస్తోంది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ సాయంత్రం యూనిట్ తాళాలు నా దగ్గరే ఉన్నాయి. డాక్టర్ రాడు. అందరూ పోయినాక ఆయన్ను లోపలికి తీసుకుని రెండు గంటలు మెషిన్ మీద పెట్టి ఉండొచ్చు. ఆ ఆలోచన నాకు వచ్చింది. వచ్చినప్పుడు మా నాయన గది కనిపించింది, ఉద్యోగం కనిపించింది, ఆ రెండు గంటలు ఆయన పక్కన ఒంటరిగా నిలబడాల్సిన నేను కనిపించాను. రూల్ అని ఆయనతో అన్నాను గానీ నన్ను ఆపింది రూల్ ఒక్కటే కాదు.

గేటు దగ్గరికి పోయి చీటీ, పొడి పొట్లాలు నాలుగు గోడ మీద పెట్టి వెనక్కి జరిగాను. "రేపు రిపోర్టు వచ్చేస్తుందంట భాయ్. వచ్చిన వెంటనే ఫోన్ చెయ్యండి. ఎవరు ముందున్నా మిమ్మల్నే ముందు పెడతాను. రేపు రండి."

ఆయన నా ముఖం వైపు చాలాసేపు చూశాడు. కోప్పడి ఉంటే బాగుండేది. "సరే తల్లీ. నీ తప్పేముండాది" అన్నాడు. లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి మూడోసారి లేచాడు. స్కూటర్ నడిపినాయన దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని ఎక్కించుకున్నాడు. నేను మాత్రం పట్టుకోలేదు.

శనివారం పదింటప్పుడు, మొదటి షిఫ్టు మెషిన్లు ఆపుతుండగా నూర్జహాన్ అక్క నంబరు నుంచి ఫోన్ వచ్చింది. రిపోర్టు వచ్చిందేమో అనుకుని, "రమ్మనక్కా, వెంటనే తీసుకురా" అన్నాను. అవతల ఎవరో ఏడుస్తున్నారు. అప్పుడు అర్థమయింది.

ఆదివారం రిపోర్టు వచ్చింది. నెగటివ్. అది పేషెంటు పేరు మీద మా యూనిట్‌కు కూడా వచ్చింది. ఫైల్‌లో పెట్టమని ఇస్తే ఏ పేజీలో పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆయన శవాన్ని మోయడానికి ఆ వీధిలోకి ఐదారుగురిని మాత్రమే రానిచ్చారని తరవాత తెలిసింది.

పది రోజులకు డాక్టర్ డ్యూటీకి వచ్చాడు. జరిగింది చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నాడు. ఆ వారమే పైవాళ్ళతో మాట్లాడి అనుమతి తెచ్చాడు. మూల ఉన్న ఒక మెషిన్‌ను ప్లాస్టిక్ తెర కట్టి వేరు చేశాం. రిపోర్టు రానివాళ్ళను మూడో షిఫ్టు అయిపోయినాక దాని మీద పెట్టి, పని కాగానే బ్లీచింగుతో కడగాలని నిర్ణయించాం. రెండు రోజుల్లో అంతా సిద్ధమయిపోయింది. ఒక తెర, నీళ్ళ గొట్టం కాస్త పొడుగు చెయ్యడం, అంతే. ఖాదర్ భాయ్ ఊపిరి అందక గేటు దగ్గర చెప్పింది ఇదే. ఆ మెషిన్ మీద మొదట పెట్టింది ఐరాల దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక రైతు భార్యను. సూదులు గుచ్చి, పంపు తిప్పి, స్టోర్ రూములోకి పోయి తలుపు వేసుకున్నాను. ఆమె బతికింది. సంతోషించాల్సిందే. నాకు చేత కాలేదు.

బస్సులు తిరగడం మొదలయ్యాక నూర్జహాన్ అక్క వచ్చింది. ఆయన కేసు షీటు నకలు ఏదో ఆఫీసులో ఇవ్వాలట. అదే బెంచీ మీద కూర్చుంది గానీ చేతిలో అల్లిక లేదు. కాగితాలు ఇచ్చాక కూడా లేవలేదు.

"సిస్టరమ్మా, ఒక మాట అడుగుతా. దేవుని మీద ప్రమాణంగా సెప్పాల. ఆ పొద్దు నువ్వు లోపలికి రానిచ్చింటే బతికుండేవాడా?"

ఇట్లాంటి ప్రశ్నలకు మా వృత్తిలో తయారుగా ఉన్న జవాబులు చాలా ఉన్నాయి. గుండె వీక్‌గా ఉంది, చెప్పలేము, మన చేతుల్లో ఏముంది. నోటిదాకా వచ్చాయి.

"బతికుండేవాడక్కా," అన్నాను. "నేను భయపడినాను."

"అందరూ ఆయుస్సు తీరిపోయిందన్నారు," అంది ఆమె. "తీరిపోలేదని నాకు తెలుసు. నిన్ను తిట్టాలని వచ్చినా. బస్సులో దారి పొడుగునా ఏమేం అనాల్నో అనుకుంటా వచ్చినా. ఇప్పుడు ఏమనాల్నో తెలీలేదు." కాగితాలు కొంగులో చుట్టుకుని లేచింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఆ తరవాత మా వైపు రాలేదు.

మా దగ్గర ట్రెయినింగ్‌కు వచ్చే పిల్లలు మరిచిపోలేని కేసు ఏదని అడుగుతుంటారు. వాళ్ళకు ఇదే చెబుతాను. ఆర్డరు రాసినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. డాక్టర్ చెడ్డవాడు కాదు. అందరం రాసినట్టే నడుచుకున్నాం, కరోనా లేని మనిషి పోయాడు. మన పనిలో "రేపు రండి" అనడం చాలా తేలిక, నేను అంతకుముందు వందలసార్లు అని ఉంటాను. ఇప్పుడు ఆ మాట అనే ముందు ఎదుటి మనిషి ముఖం చూస్తాను, ఈ మనిషికి రేపు ఉందా అని. లేదనిపిస్తే ఎవరితో గొడవ పడాలో వాళ్ళతో పడతాను. పదకొండేళ్ళ సర్వీసులో నేర్చుకోనిది ఖాదర్ భాయ్ పోయాక నేర్చుకున్నాను. నేను నేర్చుకున్నందువల్ల ఆయనకు ఒరిగింది ఏమీ లేదు.