చెయ్యి దాటిన వరుస

మా ఊళ్లో మగ్గాల షెడ్డు గోడకు నల్లరంగు పూసి దాని మీద సుద్దతో వార్తలు రాసేవాళ్లం. నకిరేకల్ నుంచి వచ్చే పేపర్లోవి కొన్ని, మా నేత సంఘం సంగతులు కొన్ని. పందొమ్మిది వందల యాభైల చివరి మాట ఇది. రాసేది నేనూ, ఇంకో ఇద్దరు నేతగాళ్లూ. ముగ్గురివీ మూడు తీర్ల రాతలు కనక ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఏ వరుసా చెయ్యి చాచినంత పొడవు దాటొద్దు. జాగా అయిపోతే మాట సగంలో ఉన్నా సరే, విరిచి కింద రాయాలి.

చెయ్యి పొడవునే కొలతగా పెట్టింది మాత్రం మా అమ్మ కోసం. ఆమె నడివయసులో, పెద్దవాళ్ల బడిలో అక్షరాలు నేర్చింది. ఎడమ చెయ్యి వరుస మొదట్లో ఆనించి, కళ్లతో కొస దాకా పోయి, మళ్లీ చేతి దగ్గరికొచ్చి, చేతిని కింది వరుసకు జరిపేది. తెగిన పోగు కొస వదలకుండా పట్టుకున్నట్టు ఉండేది. వాడకట్టు ఆడవాళ్లు వెనక నిలబడి వినేవారు. ఏ కబురుకైనా మగవాళ్లను అడిగే పని తప్పిందని వాళ్లకు ధీమా. నాకు గర్వం, పైకి చెప్పకపోయినా.

అప్పుడే కోస్తా నుంచి బడికి కొత్త సారు వచ్చాడు. తనూ గోడ మీద రాస్తానన్నాడు.

"మాటను నడిమికి విరిస్తే చదివేదెలాగండీ? గోడంతా ఉండగా ఇరుకెందుకు?" అన్నాడు.

ఆయన అన్నది తప్పు కాదు, నాకు మండింది కూడా అందుకే. మా విరుపులు చదువుకున్నవాళ్లకు పంటికింద రాళ్లే.

"మా అమ్మసొంటోళ్లకు చెయ్యి అందాలె సార్" అన్నాను.

"అలవాటవుతుంది లెండి."

రాసే మిగతా ఇద్దరూ ఆయన మాటకే మొగ్గారు. వరుసలు ఈ కొస నుంచి ఆ కొసకు సాగాయి.

ఆ ఏడు నూలుకు కటకట. సగం మగ్గాలు ఊరికే ఉన్నాయి. నేను చీరలతో నల్లగొండ పోయిన రోజు సారు గోడ మీద కబురు రాశాడు. పై వరుస నిండా నకిరేకల్లో నూలు ఇచ్చే సంగతి, అది ఎప్పుడో దాని కింది వరుసలో, శుక్రవారం అని. ఆ కిందది వేరే కబురు, రేపు పొద్దున్నే అని మొదలయ్యే టీకాల సంగతి. అమ్మ పై వరుస చదువుకుంటూ గోడ వెంట నడిచింది. తిరిగొచ్చేసరికి చెయ్యి ఎక్కడ పెట్టిందో గుర్తు లేదు. శుక్రవారం వరుస దాటి టీకాల వరుస మీద పెట్టి చదివింది. రేపు పొద్దున్నే నూలు.

తెల్లారకముందే ఆడవాళ్లంతా నకిరేకల్ బయల్దేరారు, ఒక బాలింత చంటిదాన్ని చంకనేసుకుని. ఎండలో ఉత్తచేతులతో తిరిగొచ్చారు. "ఆడోళ్ల సదువు గింతే" అని షెడ్డులో నవ్వులు. "ఏం గాదు వదినా" అన్నది బాలింత అమ్మతో. మర్నాడు గోడ మీద ఏముందో పెనిమిటిని అడిగింది. అమ్మ విన్నది.

నేను గట్టిగా కొట్లాడాను. పాత కొలత మళ్లీ వచ్చింది. సారు మా ఇంటికొచ్చి "పొరపాటు నాదేనమ్మా" అన్నాడు. అమ్మ ఆయనకు చల్ల ఇచ్చింది. నేను పెద్దపెద్ద అక్షరాలతో రాసేవాణ్ని. ఆమె కొంగు కప్పుకుని, తల వంచుకుని గోడ ముందు నుంచి పోయేది.

ఆ తర్వాత నూలు ఇచ్చిన రోజు నేనూ వెంట వెళ్లాను. గుమాస్తా సంతకానికి అమ్మ చేతికి కలం ఇయ్యబోయాడు. ఆమె సిరా డబ్బా దగ్గరికి లాక్కుని బొటనవేలు అద్దింది.

"అమ్మా, నీకు సంతకం వస్తది గదా" అన్నాను.

"గిదైతే తప్పయ్యేది లేదు బిడ్డా" అంది.