గురవమ్మ పాత కేక, కొత్త మాట

ప్రత్తిపాడులో గురవమ్మ కారం మిల్లుకు బోర్డు లేదు, ఉండాల్సిన అవసరమూ రాలేదు. మోటారు మోతను మించి ఆమె కేక రోడ్డు దాకా వినపడేది. మిరపకాయల సంచి వరసలో పెట్టి టీకి వెళ్ళినవాడి వంతు ఎక్కడికీ పోయేది కాదు. వరస తప్పి సంచి ముందుకు జరిపినవాడి పరువు మాత్రం మిగిలేది కాదు. ఇరవై ఏళ్ళు అలా ఏలాక గొంతుకు ఆపరేషన్ అయింది. గుసగుస ఒక్కటే మిగిలింది. గట్టి మాట ఇక రాదని డాక్టరు తేల్చేశాడు.

ఊరు పైకి అయ్యో అంది, లోపల పండగ చేసుకుంది. మిరపకాయలు పట్టించుకోవడానికి వచ్చే యలమంద అయితే మూడు వారాలుగా ఆమె కళ్ళెదుటే సంచిని కాలితో ముందుకు నెట్టుకుంటున్నాడు. ఆమె తిడితే చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఏంటి గురవమ్మక్కా, వినపడట్లా" అంటున్నాడు. భర్త పానకాలు ఎవరినీ పల్లెత్తు మాట అనలేని మెతక మనిషి. తన మిల్లు తన చెయ్యి దాటిపోతోందని గురవమ్మకు ఏడుపొచ్చేది.

వాళ్ళింట్లో ఉండి బీటెక్ చదువుతున్న మేనకోడలు శ్రీరమ్య ఆ వారమే లీనియర్ ప్రిడిక్టివ్ కోడింగ్ అనే పాఠంతో కుస్తీ పడుతోంది. ఎవరికైనా చెబితే తన బుర్రకు ఎక్కుతుందని, ఎదురు అరిచే వీలు లేని అత్తయ్యను పట్టుకుని కూర్చోబెట్టింది.

"మాటను కంప్యూటర్ సన్న సన్న ముక్కలుగా కొలుస్తుంది అత్తయ్యా. ముందటి పది పన్నెండు ముక్కల్ని బట్టి తర్వాతది ఎంతుంటుందో ఊహిస్తుంది. ఊహకు అందిందంతా నోరు, నాలుక తిరిగిన తీరు. అందకుండా మిగిలింది గొంతులో పుట్టిన మోత."

గురవమ్మకు తన మిల్లే గుర్తొచ్చింది. "అంటే మోటారు వేరు, జల్లెడ వేరు. నా నోటి జల్లెడ బాగానే ఉందిగా, గొంతు మోటారేగా పోయింది. ఇంకో మోటారు పెట్టు," అంది గుసగుసగా.

మాస్టారు నాలుగు క్లాసులు తీసుకున్న పాఠాన్ని అత్తయ్య నాలుగు ముక్కల్లో తేల్చేసరికి శ్రీరమ్యకు కాస్త ఒళ్ళు మండింది.

కంప్యూటర్ పుట్టించిన మోతను గుసగుసకు జోడిస్తే రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్ లాంటి గొంతు వచ్చింది. "ఇదెవత్తే?" అంది గురవమ్మ. తర్వాత పానకాలు ఫోన్ లాక్కుని, ఆపరేషన్‌కు ముందు తను పంపిన వాయిస్ మెసేజ్ తీసి ఇచ్చింది. "ఏమయ్యా, టీ తాగటానికి పోయి టీ తోటేమన్నా పెట్టావా? మిల్లుకాడ జనం గోలగోలగా ఉన్నారు, రా!" శ్రీరమ్య అందులోంచి నోటి తీరు తీసేసి, మిగిలిన గొంతు మోతను గుసగుసకు జోడించడానికి ఉంచుకుంది. మాటలు పోయాయి. కోపం మాత్రం పదిలంగా ఉంది.

మర్నాడు మిల్లులో స్పీకరు పెట్టారు. యలమంద సంచి నెట్టాడు. గురవమ్మ ఫోన్‌లోకి ఎంతో మర్యాదగా గుసగుసలాడింది. శ్రీరమ్య ల్యాప్‌టాప్ మీద మీట నొక్కింది.

"యలమందా, ఎండనపడొచ్చావు, నీడలో కూర్చుని మంచినీళ్ళు తాగు నాయనా."

మాటలు కొత్తవి, గొంతు ఎక్కడం దిగడం అంతా ఆ పాత తిట్టుదే. యలమంద సంచి ఎత్తుకుని వరస చివరికి పరుగెత్తాడు. అక్కడ భయంతో మంచినీళ్ళు కూడా తాగాడు. జనం పకపకా నవ్వారు.

గురవమ్మకు ఉత్సాహం ఆగలేదు. పానకాలు వైపు చూస్తూ ఫోన్ మళ్ళీ నోటి దగ్గర పెట్టుకుంది.

"ఏమయ్యా, నేను ఆస్పత్రి నుంచి వచ్చిన కాడ్నుంచి సరిగ్గా తినట్లేదు నువ్వు. పోయి అన్నం తినిరా."

స్పీకరు ఉరిమింది. పానకాలు మోటారు ఆపేశాడు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. కారం మిల్లులో అది వింతేం కాదు గానీ, ఆయన ఎంతసేపటికీ తువ్వాలు దించలేదు.

"ఇంకోసారి తిట్టవే," అన్నాడు.

"తిట్టలేదయ్యా, అన్నం తినమన్నా," గురవమ్మ దగ్గరికొచ్చి గుసగుసలాడింది.

"వినపడిందిలే. మళ్ళీ తిట్టు."