తువ్వాలు కింద కారు బేరం

యాభై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళూ ఒక అంకె నా గుండెల మీద కూర్చునే ఉంది. లెక్కల మేస్టరుగా బతికినవాణ్ణి, బోర్డు మీద ఎన్ని అంకెలు రాసి తుడిచానో నాకే తెలీదు. ఈ ఒక్కటీ చెరగలేదు. మా ఆవిడకి చెప్పలేదు. మా అక్కకీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్పడం కాస్త సులువుగా ఉంది.

కంగారు పడకండి, నేను హత్యలేవీ చెయ్యలేదు. దొంగతనం చేశానా? అదే ఇన్నాళ్ళూ తేలలేదు. ఒక పెద్దమనిషి కారు అమ్ముకుంటుంటే బేరం కుదిర్చేవాడిగా మధ్యలో కూర్చుని, ఆయన చేసిన పొరపాటు తెలిసి కూడా నోరు మూసుకున్నాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాలుగు కాగితాలు చింపాను.

అరవయ్యో దశకం చివరి రోజులవి. మా అక్కని చీపురుపల్లి దగ్గర పల్లెలో ఇచ్చాం. మా బావ అప్పలనాయుడు గోగునార వ్యాపారం చేసేవాడు. ఆ ఏడు నారకి ధర ఎగిరింది. డబ్బు చేతిలో పడేసరికి బావకి కారు కొనాలని పుట్టింది. అదీ మామూలు కారు కాదు, విజయనగరంలో వయొలిన్ పంతులుగారింట్లో ఉన్న విలాయతీ కారు.

పంతులుగారు కార్లు కొనుక్కునే మనిషి కాదు. ఎవరో జమీందారుగారు ఆయన కచేరీ విని మురిసిపోయి, శాలువా కప్పి, అదీ చాలదనిపించి తన కారు తాళాలు చేతిలో పెట్టారట. చూడ్డానికి నాలుగు తలుపుల పెద్దమనిషి తరహా బండి. లోపలున్న ఇంజను మాత్రం పందేలకి పనికొచ్చేది. గంటకి నూరు మైళ్ళు దాటుతుందని ఊళ్ళో చెప్పుకునేవారు. పంతులుగారికి వేగమంటే భయం. ఏడాదికోసారి శ్రీకూర్మం వెళ్ళి స్వామి సన్నిధిలో వాయించి వచ్చేవారు, అదీ దారి పొడుగునా డ్రైవరుని మెల్లిగా, మెల్లిగా అని బతిమాలుకుంటూ. మిగతా రోజులన్నీ కారు పెరట్లో పాకలోనే. శుక్రవారం శుక్రవారం ఆయన భార్య పంతులమ్మగారు దాని ముఖాన బొట్టు పెట్టేవారు, పక్కింటి బస్సు డ్రైవరు వచ్చి ఇంజను కాసేపు ఆడించి కాఫీ తాగి వెళ్ళేవాడు. జమీందారుగారు తిప్పిందీ ఈయన తిప్పిందీ కలిపి మూడు వేల మైళ్ళు దాటలేదు.

దాన్ని అమ్మడం ఎందుకంటే, శిష్యులు కూర్చోడానికి పెరట్లో పెంకుల సావిడి వేయించాలని ఆయన కోరిక. చదువుకునేవాళ్ళంతా వీధి అరుగు మీద కూర్చునేవారు. వానొస్తే సగంమంది వయొలిన్లు గుండెకి హత్తుకుని ఇళ్ళకి పరిగెత్తేవారు.

మా చుట్టాలందరిలోనూ స్టీరింగు పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. జీపు నడిపే స్నేహితుడి దగ్గర నేర్చుకున్నాను. కాబట్టి కారుకెంత ఇవ్వచ్చో తేల్చే నిపుణుణ్ణీ, కొన్నాక దాన్ని నడిపేవాణ్ణీ నేనే అయ్యాను. బేరానికి వారం ముందు ఒక్కణ్ణీ వెళ్ళి చూసొచ్చాను. బ్రేకు, క్లచ్చి తొక్కుడు రబ్బర్ల మీద గీతలు అరగలేదు. స్టెప్నీ టైరు నేల మొహం చూడలేదు. తలుపు వేస్తే చిన్న చప్పుడుతో బుద్ధిగా మూసుకుంది. కొత్తగా ఉన్నప్పటి ఖరీదులో ఏళ్ళకింత తీశాను, తక్కువ తిరిగినందుకింత కలిపాను, పెట్రోలు కడవలతో తాగుతుందనీ సామాన్లకి మద్రాసు రాయాలనీ మళ్ళీ కొంత తీశాను. పన్నెండు వేలు తేలింది. ఎంత అడగమంటారు మేస్టారూ అని పంతులుగారు నన్నే అడిగారు. పన్నెండు న్యాయమైన ధర అని చెప్పాను. ఆ రోజు నేను నిజాయితీపరుణ్ణే, అది కూడా రాసుకోండి. ఆయన పన్నెండు, పన్నెండు అని రెండుసార్లు లోపల అనుకున్నారు.

తర్వాత కోట చుట్టూ ఒక్క చుట్టు నడిపి చూడమన్నారు. అక్కడే నా పని అయిపోయింది. కాలు ఇలా ఆనించానో లేదో బండి నా వీపుని సీటుకి అదిమేసింది. నాకు ముప్పై ఏళ్ళు. సొంతానికి ఒక సైకిలుంది. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

బావ మాత్రం పదకొండు దాటితే ఎద్దులే నయమన్నాడు. పైగా సోమవారం విశాఖపట్నం నుంచి ఎవరో కంట్రాక్టరు కారు చూడ్డానికి వస్తున్నాడని కబురు.

ఆదివారం పొద్దున్నే బావ ఇస్త్రీ పంచె కట్టి, భుజాన కొత్త తువ్వాలేసి పంతులుగారింటి ముందు దిగాడు. కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. బానెట్టు మీద మూపురం నిమిరినట్టు నిమిరాడు. వెనక్కి నడిపించి చూపించమన్నాడు, ఎందుకంటే వెనకడుగు సరిగ్గా వెయ్యని ఎద్దుని ఆయన ఎప్పుడూ కొనలేదు. ఆఖరికి నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించి అడిగాడు.

"ఒరే మేస్టరూ, ఎద్దైతే పళ్ళు సూసి ఈడు సెప్తాను. దీనికి ఏటి సూడాలి?"

మీటరు చూపించాను. పెదవి విరిచాడు కానీ, మూడు వేలంటే లేగదూడే అని ఆయనకి ఆయనే తేల్చుకున్నాడు.

ఇక బేరం. మా వైపు పశువుల సంతలో ధర నోటితో అనరు. నలుగురిలో అన్నాక కుదరకపోతే ఇద్దరికీ నామోషీ. మధ్యవర్తి చేతిమీద తువ్వాలు కప్పుతారు. అమ్మేవాడు తువ్వాలు కింద చెయ్యి పెట్టి మధ్యవర్తి వేళ్ళు పట్టుకుని తన ధర చెప్తాడు, తర్వాత కొనేవాడు అలాగే చెప్తాడు. ఒకరిది ఒకరికి తెలీదు. అమ్మేవాడి ధర కొనేవాడి ధరని మించకపోతే, అమ్మేవాడి ధరకే బేరం ఖాయమని మధ్యవర్తి పైకి చెప్తాడు. బావ కారునీ అలాగే కొంటానని భీష్మించుకుని, మధ్యవర్తిగా నన్ను కూర్చోబెట్టాడు. పంతులుగారికి ఇదంతా వేడుకగా ఉంది. బావ ఆయనకి పాఠం ఒక్కసారే చెప్పాడు, అదీ గబగబా. వేలు పట్టుకుంటే వెయ్యి, అరచెయ్యంతా పట్టుకుంటే అయిదు, మణికట్టు పట్టుకుంటే పది.

పంతులుగారు ముందు ఎడంచెయ్యి చాపారు. వయొలిన్ వాయించేవారికి వేళ్ళ తెలివంతా ఆ చేతిలోనే ఉంటుంది, కుడిచెయ్యి కమాను లాగడానికి. ఎడంచెయ్యి కీడని బావ ఒప్పుకోలేదు. కుడిచెయ్యి పెట్టించాడు. ఆ చెయ్యి తువ్వాలు కింద కాస్త తడుముకుని నా అరచేతిని నిండుగా పట్టుకుంది. తర్వాత రెండు వేళ్ళు. వదిలేసింది.

ఏడు.

నాకు వెంటనే తెలిసిపోయింది. ఆయన పది అనుకునే పట్టుకున్నారు. కొత్తవాడికి చేతిలో అన్నిటికన్నా పెద్దది అరచెయ్యే అనిపిస్తుంది, మణికట్టు గుర్తుకు రాదు. పైన రెండు వేళ్ళు. పన్నెండు. నేను చెప్పిన పన్నెండే.

తర్వాత బావ చెయ్యి వచ్చింది. మణికట్టు, ఒక వేలు. పదకొండు.

మళ్ళీ పట్టండి బాబూ అని అమ్మేవాణ్ణి అడిగే హక్కు మధ్యవర్తికి ఉంది. సంతలో అడుగుతూనే ఉంటారు, తప్పేం లేదు. ఎందుకడగలేదు? అడిగితే పన్నెండని పట్టుకునేవారు, పదకొండు దాటనని బావ లేచిపోయేవాడు, రేపు కంట్రాక్టరు కారు తోలుకుపోయేవాడు, నాకు మళ్ళీ సైకిలే మిగిలేది, ఇదీ నేను చాలా ఏళ్ళు నాకు చెప్పుకున్న సమాధానం. నిజం అది కూడా కాదు. పన్నెండుకీ పదకొండుకీ మధ్య దూరమెంత? ఒక కాఫీ తాగేలోగా ఇద్దర్నీ కలిపేవాణ్ణి. బావ మొండివాడే కానీ పిసినారి కాదు. నేను ఆ కాఫీ తాగేంతసేపు కూడా ఆగలేకపోయాను. నా కుడికాలు అప్పటికే లోపల తొక్కుతోంది.

తువ్వాలు తీశాను. ఏడు అన్నాను.

బావ ముఖంలో ముందు నమ్మకం లేకపోవడం, వెంటనే కంగారు. పంతులుగారు మనసు మార్చుకుంటారేమోనని తమలపాకుల్లో బయానా పెట్టి ముందుకి తోసేశాడు. పంతులుగారు నావైపు చూశారు.

"మేస్టారూ, నేను పట్టుకున్నది ఏడేనా?"

"ఏడేనండి."

ఆయన కుడిచెయ్యి తిప్పి ఒకసారి చూసుకున్నారు. నవ్వారు కూడా. "వేలు ఎక్కడ పడితే ఆ స్వరమే పలుకుతుంది నాయనా. పడ్డాక, నేను వేరేది అనుకున్నానంటే వినేవాడు ఒప్పుకుంటాడా? ఏడే కానివ్వండి."

ఏడేనండి అన్నది అబద్ధం కాదు. పట్టుకున్నది ఏడే. ఈ తెలివి నాకెక్కడిది? పిల్లలు ఇలాంటి సమాధానం రాస్తే గోడకుర్చీ వేయించేవాణ్ణి.

ఆ తర్వాతి రోజులు ఎంత బాగున్నాయో చెప్పకపోతే ఈ ఒప్పుకోలు సగమే అవుతుంది. దారిలో ఊళ్ళు వచ్చినప్పుడల్లా బావ నన్ను ఎద్దుబండి వేగంతో నడపమనేవాడు, జనం చూడాలి కదా. ఊరు దాటాక బండి నాది. ఆమదాలవలస వైపు తిన్నటి రోడ్డు మీద ఒకనాడు ముల్లు ఎనభై దాటించాను. వెనక సీట్లో మా అక్క కూర్మనాథస్వామికి మొక్కుల మీద మొక్కులు మొక్కేసింది. దిగాక నన్ను వీపు మీద రెండు చరిచి, మళ్ళీ ఎప్పుడెళ్దాం అని అడిగింది.

పంతులుగారి సావిడికి పెంకులు చాలలేదు. తాటాకు కప్పించారు. తాటాకు కింద చల్లగా ఉంటుంది, శ్రుతికి మంచిది అని నేను బావతో అనేవాణ్ణి. శ్రుతి గురించి నాకేం తెలుసు? అంత మంచి ధరకిచ్చిన మనిషని బావకి ఆయనంటే గౌరవం, అందుకని ఏటా శ్రీకూర్మం మన కారులోనే దింపాలన్నాడు. నడిపేది నేనే. ఆయన వెనక కూర్చుని, మెల్లిగా మేస్టారూ అనేవారు. నా మీద ఒక్క మాట పడలేదు. తెలిసి ఊరుకున్నారా? తెలీదా? రెండిట్లో ఏది నాకు మేలో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఒకసారి జీతంలో మిగిల్చి, కవరులో అయిదు వందలు పెట్టుకుని వెళ్ళాను. విషయం చెప్పి, మిగతాది నెమ్మదిగా తీరుస్తానందామని. పంతులమ్మగారు కాఫీ ఇచ్చారు. వాళ్ళ మనవరాలు ఒక వర్ణం వాయించింది. బాగుందన్నాను. వచ్చేటప్పుడు నా చేతిలో ఆ కవరూ, పెరటి వంకాయల సంచీ ఉన్నాయి. కూర మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

ఇప్పుడు ఆయన లేరు, బావ లేడు, కారు ఎవరి చేతుల్లో పడి ఏమైపోయిందో తెలీదు. చివరిదాకా బావ నన్ను చూపించి, నా బావమరిదంత గొప్ప బేరగాడు జిల్లాలో లేడని చెప్పుకునేవాడు. నేను తల వంచుకుంటే వినయం అనుకునేవారు.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. మీరు క్షమించాల్సిన విషయం కాదు, క్షమించాల్సినాయన్ని నేను అడగలేదు. ఇంకో మాట కూడా దాచను. ఆ అయిదు వేలకి నేను సిగ్గుపడుతున్నాను. ఆ ఎనభై మైళ్ళకి సిగ్గుపడదామని ఎంతో ప్రయత్నించాను, నా వల్ల కాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, నవ్వు వెనకాలే ఆయన కుడిచెయ్యి తిప్పి చూసుకోవడం గుర్తొస్తుంది. రెండూ నావే.

ఆయన చెప్పాలనుకున్నది పన్నెండు. నాకు తెలుసు. తెలిసే ఏడు అన్నాను.