సోలార్ ప్లేటు మీద పసుపు మరక

సోలార్ సామాను అమ్మే ఆ మనిషి దుకాణం బోర్డు కనిపిస్తే చాలు, ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మాది బోధన్ అవతల చెరుకు తోటల అంచున రేకుల ఇల్లు. జాగాకు పట్టా లేదు, పట్టా లేదు కాబట్టి కరెంటు మీటరు లేదు. బోర్లకు పోయే తీగలు మాత్రం మా నెత్తిమీదుగానే పోతాయి. నన్ను కన్న అవ్వ బీడీలు చుడుతుంది. ముసురు పట్టిందంటే మా ఇంట్లో పట్టపగలే చీకటి. ఆ చీకట్లో తునికాకుకు చిల్లి ఉందో లేదో కంటికి ఆనదు. చిల్లి ఆకుతో చుట్టిన బీడీలను కార్ఖానాలో ఛాట్ అని తీసి పారేస్తారు. ఛాట్ ఎక్కువైతే బీడీ కార్డు గుంజుకుంటారు. కార్డు పోతే ఆకు ఇవ్వరు, తంబాకు ఇవ్వరు, రేపు ముసలితనంలో పింఛనూ రాదు. అవ్వ బతుకంతా ఆ కార్డు మీదే ఉంది.

అందుకే పోయిన వానాకాలం ముందు అవ్వ చెవుల గంటీలు అమ్మి సోలార్ పెట్టించింది. ఒక ప్లేటు, ఒక బ్యాటరీ, రెండు బల్బులు. మా దిక్కు ఇంటికి సైకిలొచ్చినా, కుట్టుమిషనొచ్చినా ముందు పసుపు కుంకుమ పెట్టాల్సిందే. ప్లేటును రేకుల మీదికి ఎక్కించకముందే అవ్వ దానికి పసుపు రాసి అయిదు బొట్లు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. బిగించడానికొచ్చిన ఆ దుకాణం మనిషి పక్కనే నిలబడి చూశాడు. కొబ్బరి ముక్క నములుతూ, "మంచిగైతది అవ్వా" అన్నాడు.

నెల తిరగకముందే బల్బులు మిణుకుమిణుకుమన్నాయి. నాలుగుసార్లు ఫోన్ చేస్తే వచ్చాడు. బ్యాటరీని ముట్టనైనా ముట్టలేదు. నిచ్చెనెక్కి ప్లేటు చూశాడు. పసుపంతా అప్పటికే వానలకు కొట్టుకుపోయింది. ఫ్రేము మూలన గోరంత మరక మిగిలింది. ఆ మరక మీద వేలు పెట్టాడు.

"గిట్ల పసుపు పూస్తే కరెంటు యాడికెల్లొస్తది? మీరే ఖరాబ్ జేసుకున్నరు. ఇగ వారంటీ లేదు."

కొబ్బరి మింగినప్పుడు నోరు పడిపోయిందా వీడికి? అడుగుదామని నేను లేచేలోపే అవ్వ ఆయనకు దండం పెట్టింది. "తప్పైంది సారూ, మాకేమెరుక" అంది. ఆయన పోయాక తడిబట్ట పట్టుకుని నిచ్చెనెక్కి, ఏడ్చుకుంటూ ఆ ప్లేటు తుడిచింది. బల్బు మాత్రం అట్లాగే గుడ్డిగా ఉండిపోయింది.

రెండు వారాలు వరసగా ఛాట్ పడింది. కార్ఖానా ముందర అందరు ఆడవాళ్లూ వింటుండగా, ఆకు ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు అన్నాడు, "ఇంకొక్కపారి గిట్లనే తెస్తే కార్డు ఈడ పెట్టి పో." ఇంటికొచ్చి అవ్వ అన్నం ముట్టలేదు.

మర్నాడు వానలోనే బ్యాటరీని సంచిలో వేసుకుని, పాత బ్యాటరీలు బాగుచేసే ఒక చాచా దగ్గరికి పోయాను. ఆయన బ్యాటరీ మీది కాగితాన్ని గోరుతో గీకాడు. కింద ఇంకో కాగితం, దాని మీద తుప్పు మరకలు.

"బేటీ, గిది పాత బండి బ్యాటరీ. మీద కొత్త కాగితం అతికిచ్చిండ్రు. మీ అమ్మ పసుపు ఏం జేసింది? ఏం జెయ్యలే."

అక్కడి నుంచి సోలార్ దుకాణానికి ఎట్లా నడిచానో తెలియదు. బ్యాటరీని కౌంటర్ మీద ధడేల్మని పెట్టాను.

"గరీబోళ్ల పసుపు మీద నేరం మోపుతవా? నీ కడుపు కాల! దొంగ బ్యాటరీ అంటగట్టి మా అవ్వతోటి దండం పెట్టిచ్చుకుంటవా?"

దుకాణంలో నలుగురు గిరాకీలున్నారు. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. "లొల్లి జెయ్యకక్కా, మారుస్త, మారుస్త" అంటూ లోపలి నుంచి కొత్త బ్యాటరీ తెచ్చాడు. ముందు చాచాకు చూపించి, ఆయన బాగుందన్నాకే ఇంటికి పట్టుకొచ్చాను.

బిగించగానే ఇల్లంతా తెల్లగా వెలిగింది. అవ్వ గోడకు ఆనుకుని ఉత్త చేతులతో కూర్చుని ఉంది. పొద్దున తీసుకుపోయిన బీడీల్లోనూ ఛాట్ పడిందట. కార్డు గుంజుకున్నారట.

అవ్వ తలెత్తి బల్బు దిక్కు చూసి, మెల్లగా అడిగింది.

"కొత్తది ఇచ్చిండా బిడ్డా? పాపం, మంచోడే. మనదే తప్పాయె గద, దండం పెట్టొచ్చినవా?"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ రోజే మా అవ్వ మీద అరిచాను.